వంటగదిలో వచ్చిన ఆ ‘చిన్న మాట’

ఉత్తరం: మాది హైదరాబాదులోని వనస్థలిపురం. 200 గజాల స్థలంలో 1994లో ఇల్లు కట్టుకున్నాం, పై పోర్షన్ అద్దెకిచ్చాం. మా వారికి 64 ఏళ్ళు, నాకు 60. పుణేలో ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయి, ఇల్లు అమ్మేసి వచ్చేయమనీ, ఆ డబ్బు కలిపితే ఇప్పుడున్న రెండు గదుల ఫ్లాటు బదులు పెద్దది కొనుక్కోవచ్చనీ అంటున్నాడు. కోడలిది కూడా ఉద్యోగమే. మనవరాలిని జూన్‌లో బడిలో వేస్తారు కాబట్టి ఆషాఢం రాకముందే చేరిపోవాలని మా ఆలోచన. ముప్పై ఏళ్ళ సామాను ఉంది. టేకు మంచాలు, ఇనుప బీరువాలు, మా అత్తగారి ఇత్తడి సామాను, కుట్టు మిషను, ఊరగాయ జాడీలు. ఏవి తీసుకువెళ్ళాలో, ఏవి అమ్మాలో తోచడం లేదు. ప్యాకర్స్ వాళ్ళలో ఒకరు చెప్పిన రేటులో ఇంకొకరు సగమే చెబుతున్నారు, నమ్మవచ్చా? మా వారు ‘అన్నీ నువ్వే చూసుకో’ అంటున్నారు. కోడలితో ఈ విషయాలన్నీ మా అబ్బాయే మాట్లాడాడు. ఆమె ఏమీ అనలేదు కాబట్టి ఇష్టమే అనుకుంటున్నాను. రెండేళ్ళ క్రితం వెళ్ళినప్పుడు వంటగదిలో ఏదో చిన్న మాట వచ్చి, అనుకున్నదానికంటే ముందే తిరిగి వచ్చేశాం కానీ, అదంతా ఎప్పుడో మరచిపోయాం.

జవాబు: అమ్మా, మీరు పంపిన ఉత్తరం చాలా పెద్దది. స్థలాభావం వల్ల పైన కుదించి ఇచ్చాను. అందులో ఎక్కువ భాగం సామాను గురించే ఉంది. మనవరాలి ముద్దుమాటలకు ఒక పేరా కేటాయించారు. కోడలి గురించి మాత్రం రెండు సంగతులే రాశారు. ఆమె ఏమీ అనలేదన్నది ఒకటి, ఆమె ఎప్పుడో అన్నదేదో మీరు మరచిపోయారన్నది రెండవది. నిజంగా మరచిపోయిన మాటను ఎవరూ పనిగట్టుకుని ఉత్తరంలో రాయరు.

అడిగారు కాబట్టి సామాను సంగతి ముందుగా చెప్పి పక్కన పెడతాను. మీ వనస్థలిపురం పక్క నుంచి విజయవాడ వైపు పోయే 65వ నంబరు జాతీయ రహదారే, ఇటు జహీరాబాద్, షోలాపూర్‌ల మీదుగా పుణే చేరుతుంది. ఆ 560 కిలోమీటర్ల దూరానికి లారీకి ఒకటి రెండు రోజులు పడుతుంది. ఫోనులో రేటు చెప్పేవారిని కాక, ఇంటికి వచ్చి సామాను చూసుకుని, ఒక్కొక్క వస్తువూ రాసి, జి.ఎస్.టి. నంబరు ఉన్న కాగితం మీద మొత్తం ఖర్చు ఎంతో ఇచ్చేవారినే పిలవండి. సగం రేటు చెప్పి ఒప్పించి, లారీ ఊరు చేరాక సామాను దించకుండా మెట్లకు ఇంత, మోతకు ఇంత అని మిగిలిన సగం రాబట్టుకోవడం ఈ వ్యాపారంలో కొందరికి అలవాటే. లారీ మొత్తం మీదేనా, దారిలో మరొకరి సామాను కూడా ఎక్కిస్తారా అన్నది రాతపూర్వకంగా ఉండాలి. రవాణా బీమా విడిగా తీసుకోండి. వస్తువుల జాబితా, వాటి విలువ రాసి లేకపోతే ఆ బీమా అక్కరకు రాదు. బంగారం, దస్తావేజులు లారీ ఎక్కించకండి. గ్యాసు సిలిండరు, రెగ్యులేటరు ఏజెన్సీలో అప్పగించి, డిపాజిట్టు వెనక్కి తీసుకుని, వాళ్ళిచ్చే వోచరు దాచుకుంటే కొత్త ఊళ్ళో కనెక్షను సులభంగా వస్తుంది. బీరువాలలో ఒకటి చాలు. ఇంతకు మించి దీనిలో ఆలోచించవలసినది ఏమీ లేదు, తరచూ ఊళ్ళు మారే బ్యాంకు ఉద్యోగుల భార్యలు ఈ విషయం నాకంటే బాగా చెబుతారు. ఆషాఢం విషయం మీ పురోహితుణ్ణి అడగండి.

ఇక మీరు అడగని విషయానికి వస్తాను. మీరు వెళుతున్నది మీ అబ్బాయి ఇంటికి మాత్రమే కాదు, మీ కోడలి ఇంటికి కూడా. ఆమె ఉద్యోగం చేసి తెచ్చే జీతం ఆ ఇంటి వాయిదాల్లో కలుస్తోంది, ఆమె సర్దుకున్న డబ్బాలు ఆ వంటగదిలో ఉన్నాయి. అయినా ముప్పై ఏళ్ళ తరువాత మీరు చేస్తున్న ఇంత పెద్ద ప్రయాణం గురించి ఆమె నోటి నుంచి వచ్చిన ఒక్క మాట కూడా మీరు వినలేదు. విన్నదల్లా మీ అబ్బాయి చెప్పినది. ఆయన మీతో ‘తనకేమీ అభ్యంతరం లేదమ్మా’ అని ఉంటారు, ఆమెతో ‘అమ్మావాళ్ళు వచ్చేస్తున్నారు’ అని ఉంటారు. ఇద్దరు ఆడవాళ్ళ మధ్య నిలబడి ఇద్దరికీ నచ్చే ముక్క మాత్రమే చేరవేసే కొడుకులు మన ఇళ్ళలో తక్కువేమీ కాదు. వాళ్ళది చెడ్డ ఉద్దేశం అని నేను అనను, గొడవంటే భయం అంతే. కానీ ఆ భయం ఖరీదు తరువాత ఆ ఇంట్లో రోజంతా కలిసి ఉండవలసిన మీ ఇద్దరే చెల్లించాలి.

మౌనం అర్ధాంగీకారం అనే సామెత మీకు ధైర్యం ఇచ్చినట్టుంది. సగం అంగీకారమే అయితే మిగిలిన సగం సంగతి ఏమిటని మీరు అడగలేదు. అత్తమామలు వస్తామంటే ‘వద్దు’ అనే వీలు మన కుటుంబాల్లో కోడలికి లేదు. ఆ ఒక్క మాట అంటే భర్త దగ్గర, పుట్టింటి దగ్గర, చుట్టాల దగ్గర ఆమె చెడ్డదైపోతుంది. కాదనే వీలు లేని మనిషి ఊరుకుంటే దానిని ఇష్టం కింద జమ కట్టుకోవడం మీ వయసుకు, మీ అనుభవానికి తగదు. మీరూ ఒకప్పుడు కోడలే. ఇత్తడి సామాను మీ అత్తగారిదని రాశారు కదా, ఆవిడ మీ ఇంటికి వచ్చి ఉన్న రోజుల్లో పోపుల పెట్టె స్థానం మారినప్పుడు, మీ పిల్లవాడికి అన్నం పెట్టే పద్ధతి మీద వ్యాఖ్య వచ్చినప్పుడు, మీరు ఎన్నిసార్లు ఏమీ అనకుండా ఊరుకున్నారో, ఆ ఊరుకోవడాలలో ఎన్ని ఇష్టంతో చేసినవో ఒకసారి తీరికగా లెక్క చూసుకోండి.

రెండేళ్ళ క్రితం వచ్చిన ఆ మాట ఏమిటో మీరు రాయలేదు. తప్పు ఎవరిదన్నది తేల్చే పని నాకు అక్కరలేదు. నాకు కనిపిస్తున్నది ఒకటే. ఆ రోజు మీరు టికెట్లు ముందుకు జరిపించుకుని రైలెక్కి రాగలిగారు, ఎందుకంటే తాళం తీసుకుని లోపలికి వెళ్ళడానికి వనస్థలిపురంలో మీ ఇల్లు ఉంది. ఆ తాళం చెవి ఇంకొకరికి ఇచ్చేసిన తరువాత, మళ్ళీ అలాంటి మాట వస్తే మీరు ఏ ఊరికి టికెట్టు తీసుకుంటారు? మాట రాకుండా ఉండదు. నాలుగేళ్ళ పిల్ల, ఇద్దరి ఉద్యోగాలు, రెండు పడక గదులు, నలుగురు పెద్దలు ఉన్నచోట మాట వచ్చి తీరుతుంది. వచ్చిన మాట మరునాటికి సర్దుకోవాలంటే, మాట్లాడుకునే అలవాటు ముందే ఉండాలి. మీ ఇద్దరి మధ్య ఇప్పుడు లేనిది అదే.

కాబట్టి అట్టపెట్టెలు తెప్పించడానికి ముందు, మీ అబ్బాయి ఆఫీసులో ఉన్న వేళ చూసి, కోడలికి మీరే స్వయంగా ఫోను చేయండి. ‘మేము రావడం నీకు ఇష్టమేనా’ అని మాత్రం అడగవద్దు. ‘అయ్యో, అదేం మాట అత్తయ్యా, రండి’ అంటుంది. ఆ జవాబు వల్ల మీకు తెలిసేది ఏమీ ఉండదు. ముందుగా ఆ రోజు వంటగదిలో జరిగినది మీరే ఎత్తండి. పెద్దవారు కాబట్టి ఎత్తవలసినది మీరే, ఇందులో మీ గౌరవానికి వచ్చే లోటు ఏమీ లేదు. ఆ తరువాత పనికి సంబంధించిన ప్రశ్నలు అడగండి. ఉదయం వంట ఎవరిది, మేము పడుకునే గది ఏది, మీ అమ్మానాన్నలు వచ్చినప్పుడు ఎలా సర్దుకుందాం, పాపకు టీవీ, స్వీట్లు, చదువు విషయంలో ఎవరి మాట చెల్లాలి అని. చివరి ప్రశ్నకు జవాబు నేనే చెబుతాను, తల్లిదండ్రుల మాట చెల్లాలి. ఆమె జవాబులు ఇవ్వడానికి ఒక్క ఫోను చాలదు. మొదటి రెండు మూడు సార్లు పొడిపొడిగానే మాట్లాడుతుంది, అది చూసి మనసు కష్టపెట్టుకోకండి.

మనవరాలిని చూసుకోవడం మీకు సంతోషమని తెలుస్తూనే ఉంది. అయితే బడి నుంచి వచ్చిన పిల్లను సాయంత్రం దాకా చూసుకునే మనిషి అవసరం కూడా ఈ పిలుపులో ఉందని మీకూ తెలుసు, వాళ్ళకూ తెలుసు. దానిలో తప్పేమీ లేదు. పైకి చెప్పకపోవడమే తప్పు. చెప్పుకుంటే అందరూ దానిని సాయంగా చూస్తారు. చెప్పుకోకపోతే ఆర్నెల్లకు అది మీ డ్యూటీ అవుతుంది, ఒకరోజు మీరు నడుము నొప్పి అన్నా వాళ్ళ ఆఫీసు లెక్క తప్పుతుంది.

ఇల్లు అమ్మే విషయంలో నా అభిప్రాయం ఖచ్చితమైనది, మీకు నచ్చకపోవచ్చు. తల్లిదండ్రులు పిల్లల ఇంట్లో ఉండవచ్చు, ఉండాలి కూడా. కానీ పిల్లల ఇల్లు తప్ప తమకు వేరే చోటు లేదనే స్థితిని చేతులారా తెచ్చుకోకూడదు. ఇల్లు అమ్మి ఆ డబ్బుతో అబ్బాయి పేరున ఫ్లాటు కొనడానికి ఒప్పుకోవద్దు. ఏ రోజైనా డబ్బు కలపక తప్పదనుకుంటే, పెట్టిన వాటా మేరకు దస్తావేజులో మీ దంపతుల పేర్లు కూడా ఉండాలని మీ వారు మొదటే చెప్పాలి. 2007లో వచ్చిన వయోవృద్ధుల సంరక్షణ చట్టం ప్రకారం, 60 ఏళ్ళు నిండినవారు తమను చూసుకోవాలనే షరతుతో ఆస్తి రాసి ఇచ్చి, ఆ షరతు నెరవేరకపోతే, ట్రిబ్యునల్‌లో ఆ రాతను రద్దు చేయించుకోవచ్చు. అయితే షరతు ఏదీ రాయకుండా డబ్బు చేతికి ఇచ్చి కొనిపించిన ఫ్లాటు విషయంలో ఆ చట్టాన్ని పట్టుకుని గెలవడం చాలా కష్టం. కొడుకు మీద ట్రిబ్యునల్‌కు ఎక్కే తల్లి మీరు కాదని నాకు తెలుసు, అందుకే అక్కడిదాకా పోయే దారి ఇప్పుడే మూసేయమంటున్నాను.

పన్ను సంగతి కూడా మీ ఇంట్లో ఎవరూ ఆలోచించినట్టు లేదు. 1994 నాటి ఇల్లు ఈనాటి ధరకు అమ్మితే వచ్చే లాభం మీద పన్ను ఉంటుంది. 2001 ఏప్రిల్ 1 నాటి విలువను కొన్న ధరగా లెక్కలోకి తీసుకునే వీలు ఉంది కాబట్టి, ఆ విలువ ఎంతో ముందు తెలుసుకోవాలి. అమ్మిన రెండేళ్ళలోపు వేరే ఇల్లు కొన్నా, మూడేళ్ళలోపు కట్టుకున్నా ఆ పన్ను నుంచి మినహాయింపు వస్తుంది కానీ, అది అమ్మినవారు తమ పేరున కొనుక్కున్నప్పటి మాట. కొడుకు పేరున కొంటే చిక్కు తప్పదు. ఎప్పుడైనా అమ్మాలనుకుంటే, బేరం మాట్లాడే ముందే మంచి ఆడిటరును కలవండి.

మీరు చేయదగినది నాకు ఇలా తోస్తోంది. ఈ ఏడాది ఇల్లు అమ్మకండి. పైన అద్దెకున్నవారు ఉన్నారు కదా, కింది పోర్షన్‌లో ఒక గదిలో పాత మంచాలు, ఇత్తడి సామాను పెట్టి తాళం వేసి, మిగిలినది కూడా 11 నెలల ఒప్పందం మీద అద్దెకు ఇవ్వండి. రెండు పోర్షన్ల అద్దె, మీ వారి పెన్షను కలిపితే, మీ అబ్బాయి ఉండే సముదాయంలోనో, నడిచిపోయే దూరంలోనో చిన్న ఫ్లాటు ఒకటి మీకోసం తీసుకోవడానికి సరిపోతుందేమో లెక్క చూడండి. అక్కడ అద్దె ఒప్పందాన్ని ‘లీవ్ అండ్ లైసెన్స్’ అంటారు, మహారాష్ట్రలో దానిని రిజిస్టరు చేయించి తీరాలి. నోటిమాట మీద ఇల్లు తీసుకోవద్దు. పగలు మనవరాలితో అక్కడ ఉంటారు, కోడలు ఆఫీసు నుంచి వచ్చాక మీ ఇంటికి మీరు వెళ్ళిపోతారు. ఆమె వంటగది ఆమెకే ఉంటుంది, మీ కాఫీ మీ పొయ్యి మీదే కాగుతుంది. నలుగురూ ఏమనుకుంటారో అని మీ వారు అనవచ్చు. ఆ నలుగురిలో ఎవరూ మీతో పాటు ఆ రెండు గదుల్లో ఉండబోవడం లేదు.

‘అన్నీ నువ్వే చూసుకో’ అనడం మీ వారికి సులువుగా ఉంది. సామాను సర్దడం వరకు మీరు చూసుకోండి. ఇల్లు ఎవరి పేరున ఉందో మీరు రాయలేదు కానీ, ఆయన పేరునే ఉందని అనుకుంటున్నాను. అలా అయితే ఈ ఏడాదికి అమ్మకం లేదని మీ అబ్బాయికి ఫోనులో చెప్పవలసినది ఆయనే, మీరు కాదు. బయానా కింద ఎవరి దగ్గరైనా ఇప్పటికే డబ్బు తీసుకుని ఉంటే ఆ సంగతి వెంటనే నాకు రాయండి, అప్పుడు చెప్పవలసిన మాట వేరే ఉంటుంది.