పురుగులతో పని పెట్టుకున్న శ్రావణికి

శ్రావణీ,

"పీహెచ్‌డీ అని చేరి పురుగులు పెంచుతుందట అక్కా" అని మీ అమ్మ ఫోన్లో ఒకటే గోల. నాకైతే గర్వంగానే ఉంది. 2021లో కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రి బ్లాక్ ఫంగస్ రోగులతో నిండిపోవడం చూసినదాన్ని, పురుగులకి ఫంగస్ ఎక్కించి మందులు పరీక్షించే ఈ పని విలువ నాకు తెలుసు.

తేనెపట్లు తినేసే ఆ మైనపు పురుగు మన ఒంటి వేడికి, అంటే 37 డిగ్రీలకి, తట్టుకుంటుంది. ల్యాబుల్లో వాడే పండ్ల ఈగలకి అంత ఓపిక లేదు. ఫంగస్ ముదిరితే పురుగు నల్లబడుతుంది. నల్లబడిందల్లా చచ్చినట్టు కాదు, తాకి చూసి కదలకపోతేనే రాసుకో. సెలైన్ మాత్రమే ఎక్కించిన గుంపు ఒకటి, అసలు సూదే తగలని గుంపు ఒకటి పోలికకి పక్కన ఉండాలి. ఇవన్నీ మీ సారు చెప్తారులే.

ఆయన మర్చిపోయేది ఇంకోటుంది. మా ల్యాబులో ఒక కుర్రాడు పురుగులకి కాండిడా అనే ఫంగస్ ఎక్కించేవాడు. మంచి చెయ్యి. పురుగుని వెల్లకిలా తిప్పి, పొట్టకింది బొద్దుకాళ్లలో చివరిదాని మొదట్లో సూది దించి పది మైక్రోలీటర్లు వదిలితే చుక్క బయటికి వచ్చేది కాదు. ముందు మందివ్వని పురుగులన్నిటికీ, ఆ తర్వాత మందిచ్చేవాటికి ఎక్కించాడు. మొదటివి టపటపా పోయాయి, రెండోవి హాయిగా పాకాయి. ల్యాబంతా స్వీట్లు! తీరా చూస్తే ట్యూబు కదపనే లేదు. మజ్జిగ తేరుకున్నట్టు కాండిడా అడుక్కి దిగింది, వాడేమో అడుగునుంచే లాగుతూ వచ్చాడు. చిక్కటిదంతా మొదటివాటికి, మిగిలిన పలచటిది రెండోవాటికి. ట్యూబులో మిగిలింది అగార్ మీద, అంటే ఫంగస్ పెంచే జెల్లీ మీద, పోసి మొలిచిన కాలనీలు లెక్కపెడితే గానీ సంగతి బయటపడలేదు. కదుపుతూ మళ్లీ చేస్తే మందు మహిమ మాయం. అందుకే ప్రతిసారీ కదుపు, రెండు గుంపులకీ మార్చి మార్చి ఎక్కించు, మిగిలింది పారబొయ్యకుండా అగార్ మీద వేసి లెక్కపెట్టు.

కాండిడాతో ఆగితే నాకింత బెంగ ఉండేది కాదు. ఆస్పర్‌జిల్లస్ అనే బూజుతో కూడా చేస్తావట, పిచ్చిదానా! దాని బీజాలు కాస్త గాలికే లేచి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఆ ప్లేటు మూత సేఫ్టీ క్యాబినెట్ బయట తియ్యకు. వాడిన సూదికి మూత పెట్టబోకు. హబ్సిగూడ ఇంట్లో రాత్రుళ్లు నీకు ఆయాసం వస్తే ఒళ్లో కూర్చోబెట్టుకుని వీపు రాసినదాన్ని నేను, మీ అమ్మ కంగారులో ఇన్‌హేలరే వెతుక్కోలేకపోయేది. నీ ఉబ్బసం సంగతి మీ సారుకి చెప్పావా? చెప్పి ఉండవు, మొండిదానివి. సోమవారమే చెప్పు తల్లీ. ఆయనేమన్నారో ముందు నాకు ఫోన్ చెయ్యి, మీ అమ్మకి తర్వాత.

మీ పెద్దమ్మ