సి-క్లిప్ తీసేసే ముందు

చిరంజీవి వంశీకి పెదనాన్న ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. ఇంజిన్ గురించి రెండు పేజీలు రాసి, వెనక యాక్సిల్ దగ్గరికి వచ్చేసరికి ఒక్క లైనుతో సరిపెట్టావు: "సి-క్లిప్ ఎలిమినేటర్ కిట్ వేసేస్తే చాలు కదా?" అని. అంటే సి-క్లిప్ తీసేసి, యాక్సిల్‌ను చక్రం దగ్గరే పట్టుకునే ఏర్పాటు. ఆ లైను గురించే ఈ ఉత్తరమంతా.

నీ ఫాక్స్ బాడీ ఫోర్డ్ మస్టాంగ్ కారులో ఉన్నది 8.8 అంగుళాల రకం వెనక యాక్సిల్. అందులో చక్రాన్ని బండికి పట్టి ఉంచేది ఏమిటో ఒకసారి కవర్ విప్పి నువ్వే చూడు. డిఫరెన్షియల్ (రెండు చక్రాలకూ బలం పంచే మధ్య గేర్ల అమరిక) లోపల, యాక్సిల్ కడ్డీ చివరి గాడిలో ఇంగ్లీషు 'సి' ఆకారంలో చిన్న ఇనుప క్లిప్ ఉంటుంది. అది సైడ్ గేర్ గుంటలో కూర్చుని యాక్సిల్ బయటికి జారకుండా ఆపుతుంది. మధ్యలోని పిన్ యాక్సిల్ లోపలికి రాకుండా ఆపుతుంది. అంతే, చక్రం దగ్గర యాక్సిల్‌ను పట్టుకునేది ఇంకేమీ లేదు. అక్కడున్న రోలర్ బేరింగ్ బరువు మోస్తుంది గానీ యాక్సిల్‌ను ఆపదు. యాక్సిల్ ఒంటిమీదే రోలర్లు దొర్లుతాయి కాబట్టి అది జారాలంటే దానికి అడ్డేమీ ఉండదు.

మామూలు రోడ్డు బండికి ఇది చక్కటి ఏర్పాటే. లక్షల బండ్లు దీనిమీదే ముసలివయ్యాయి. చిక్కు వచ్చేది స్లిక్స్ (గాళ్లు లేని రేసు టైర్లు) వేసి, నిలబడ్డచోటు నుంచి గట్టిగా లాంచ్ చేసినప్పుడు. యాక్సిల్ ఎక్కువగా స్ప్లైన్ల (గేర్‌లో దూరే చివరి పళ్ల) దగ్గర విరుగుతుంది. విరిగిన ముక్క క్లిప్‌తో పాటు లోపలే ఉండిపోతుంది, మిగతాది చక్రంతో, డ్రమ్‌తో సహా బయటికి వచ్చేస్తుంది. ఆ పక్క బ్రేక్ కూడా పోయినట్టే. అందుకే అమెరికా డ్రాగ్ రేసుల సంస్థ ఎన్‌హెచ్‌ఆర్‌ఏ నిబంధనల్లో పావు మైలు 10.99 సెకన్లలో గానీ అంతకంటే త్వరగా గానీ పోయే బండికి, స్పూల్ (రెండు చక్రాలనూ ఎప్పుడూ ఒకే వేగంతో తిప్పేది) లాంటి లాక్ డిఫరెన్షియల్ ఉన్న ఏ బండికైనా మంచి ఆఫ్టర్‌మార్కెట్ యాక్సిళ్లు, వాటిని చక్రం వైపు పట్టి ఉంచే ఏర్పాటు తప్పనిసరి. ఎనిమిదో వంతు మైలుకైతే ఆ గీత 6.99. నీ బండి ఇంకా 12 సెకన్లలోనే ఉందన్నావు. కానీ స్పూల్ వేస్తే టైముతో పని లేదు, నిబంధన వర్తిస్తుంది. అసలు రోడ్డుమీద తిరిగే బండికి స్పూల్ ఎందుకో నాకు అర్థం కాదు. మలుపులో టైర్లు కీచుమంటాయి, యాక్సిళ్ల మీద అనవసరమైన మెలి పడుతుంది. అది వేరే పోట్లాట, వదిలేద్దాం.

ఇప్పుడు కిట్ సంగతి. అల్యూమినియం హౌసింగ్‌లో బేరింగ్, నూనె ఆపే ఒక రబ్బరు ఓ-రింగ్, నాలుగు బోల్టులు. పాత బేరింగ్ ఉన్న రంధ్రంలోకి దాన్ని దూర్చి బిగించడమే. వెల్డింగ్ లేదు, ఒక్క రోజు పని. ట్రైలర్ మీద డ్రాగ్ స్ట్రిప్‌కి (తిన్నటి రేసు బాటకి) వెళ్లి తిన్నగా పరిగెత్తి తిరిగొచ్చే బండికి అది చాలు. నీ బండి అలాంటిది కాదు, రోజూ ఆఫీసుకు వెళ్తుంది, మలుపులు తిరుగుతుంది, గుంతల్లో పడుతుంది. యాక్సిల్‌ను చక్రం దగ్గరే పట్టుకుంటే మలుపులో వచ్చే పక్కతోపు మొత్తం ఆ చివరి బేరింగ్ మీదే పడుతుంది. చాలా కిట్లలో ఉండే బాల్ బేరింగ్ దాన్ని ఎక్కువకాలం ఓర్చుకోదు. పైగా పాత యాక్సిల్ హౌసింగ్ (బయటి గొట్టం) రంధ్రం తుప్పుతో, గీతలతో ఉంటుంది కాబట్టి ఓ-రింగ్ దగ్గర నూనె కారుతుంది. కారిన నూనె బ్రేకుల మీదికే పోతుంది. ఎంత సీలెంట్ పూసినా కొన్ని బండ్లలో అది ఆగదు.

నన్నడిగితే, ఆ హౌసింగ్ పాత చివరలు కోసేసి, ఫోర్డ్ 9 అంగుళాల యాక్సిల్‌కి ఉండే పెద్ద బేరింగ్ చివరలు వెల్డింగ్ చేయించు. బేరింగ్ బయటి వ్యాసం 3.150 అంగుళాలు. అందులో టేపర్ రోలర్ (ఏటవాలు రోలర్లతో పక్కతోపును కూడా మోసే) రకం తీసుకో, రోడ్డుకి అదే సరైనది. ఖర్చు ఎక్కువే, పని కూడా ఎక్కువే. కానీ ఒకసారి చేస్తే మళ్లీ దాని జోలికి పోనక్కర్లేదు. స్ట్రిప్‌లో యాక్సిల్ మార్చాల్సి వచ్చినా నాలుగు నట్లు విప్పి లాగేయొచ్చు, కవర్ తీసి పిన్ను లాగే గొడవ ఉండదు. తర్వాత డిస్క్ బ్రేకులు వేస్తే ఇంకో లాభం: సి-క్లిప్ యాక్సిల్ కొద్దిగా లోపలికీ బయటికీ ఆడుతుంది కాబట్టి మలుపుల్లో రోటర్ ప్యాడ్లను వెనక్కి నెట్టేస్తుంది, పెడల్ లోతుకు పోతుంది. ఆ బెడద పోతుంది.

వెల్డింగ్ మాత్రం ఎవరికి పడితే వారికి ఇవ్వకు. హౌసింగ్ పొడవునా అలైన్‌మెంట్ బార్ పెట్టి చేసేవాడి దగ్గరికే వెళ్లు. వేడికి ట్యూబు వంగుతుంది, కంటికి కనపడదు గానీ బేరింగ్‌కి తెలుస్తుంది. 8.8లో ట్యూబులు పోత ఇనుము మధ్యభాగంలోకి నొక్కి, అక్కడక్కడ ప్లగ్ వెల్డ్ చేసి ఉంటాయి. గట్టి లాంచ్‌లకు అవి తిరిగిపోతాయి. కాబట్టి ఎలాగూ షాపుకి వెళ్తున్నావు, అవి కూడా చుట్టూ వెల్డ్ చేయించు. పోత ఇనుముకి ముందుగా వేడిచేసి, తగిన రాడ్ వాడాలని చేసేవాడికి తెలిసుండాలి. అడిగి చూడు, జవాబు తడబడితే ఇంకోచోటికి పో.

యాక్సిళ్లు మాత్రం వెల్డింగ్ అయ్యాకే కొలిచి ఆర్డర్ పెట్టు. రెండు చివరల మధ్య దూరం, పినియన్ (ఇంజిన్ వైపు నుంచి బలం తెచ్చే చిన్న గేర్) మధ్య నుంచి ఒక్కో వైపు ఎంత, బ్రేకుకి ఎంత జాగా కావాలి, అన్నీ అప్పుడే ఖరారవుతాయి. పాత 28 స్ప్లైన్ల యాక్సిళ్లే మళ్లీ వాడదామనుకోకు, 31కి వెళ్లు. డిఫరెన్షియల్ కూడా అందుకు తగ్గదే ఉండాలి. రోడ్డు బండికి పైపొర గట్టిబడిన 1541 ఉక్కు బాగుంటుంది. 4340 రేసువాళ్లు కోరుకునేది. పాత డ్రమ్ బ్యాకింగ్ ప్లేటు రంధ్రాలు కొత్త చివరలకు సరిపోవు, కాబట్టి బ్రేకుల బడ్జెట్ కూడా ఇందులోనే కలుపుకో.

బేరింగ్ నొక్కేటప్పుడు ఒక్క మాట. రిటైనర్ ప్లేటు (బేరింగ్‌ను హౌసింగ్‌కి బిగించే పలక) యాక్సిల్ మీద ముందు ఎక్కించావా లేదా చూసుకో. బేరింగ్ దిగిపోయాక ప్లేటు నేలమీద కనపడితే ఆ కొత్త బేరింగ్ కోసేసి పారేయాల్సిందే. ప్రెస్ లోపలి రింగు మీదే పడాలి, బయటి రింగు మీద పడితే రోలర్లు దెబ్బతింటాయి. బేరింగ్, లాక్ కాలర్ (బేరింగ్ జారకుండా పట్టే రింగు) రెండూ కలిపి ఒకేసారి నొక్కకు, ఒకదాని తర్వాత ఒకటి.

బిగించే ముందు స్ప్లైన్లకు మార్కర్ పూసి యాక్సిల్ దూర్చి తీస్తే ఎంత లోతుకి పట్టిందో తెలుస్తుంది. లోపలి చివర మధ్య పిన్నుకి తగలకూడదు. తగిలితే బేరింగ్ సరిగ్గా కూర్చోకుండానే నట్లు బిగిసిపోతాయి. నూనె పోశాక హౌసింగ్ బ్రీదర్ (గాలి పోయే రంధ్రం) తెరిచి ఉందో లేదో కూడా చూడు. అది మూసుకుపోతే ఎంత మంచి సీలైనా కారుతుంది, నువ్వు సీలును తిట్టుకుంటావు.

యాక్సిల్ పొడవునా తెల్లరంగుతో తిన్నగా ఒక గీత గీసి పెట్టుకో. సీజన్ చివర బయటికి లాగినప్పుడు ఆ గీత మెలితిరిగి ఉంటే ఆ యాక్సిల్ పని అయిపోయింది, విరిగేదాకా ఆగకు.

షాపువాడు వెల్డింగ్ చేసి ఇచ్చాక కొలతలు రాసి నాకు పంపు. చూసి చెప్తాను, అప్పుడు ఆర్డర్ పెడుదువు గానీ.

మీ పెదనాన్న