అమ్మానాన్నలకి గ్రీన్‌కార్డు వేసేముందు

"అన్నా, నాకు సిటిజన్‌షిప్ వచ్చింది. అమ్మకీ నాన్నకీ గ్రీన్‌కార్డు వేసేస్తాను. 65 దాటారు కాబట్టి ఇక వాళ్ళ బాగోగులు ఇక్కడి గవర్నమెంటే చూసుకుంటుంది కదా?"

అమెరికాలో స్థిరపడుతున్న తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఏదో ఒక రూపంలో ఈ ప్రశ్న అడుగుతూనే ఉంటారు. అడిగేవాళ్ళ ప్రేమలో లోపం లేదు, లెక్కలోనే ఉంది. ఆ లెక్క టికెట్లు కొనకముందే సరిచూసుకోవాలని నా కోరిక.

జ్వరానికి డాక్టరు, గుండెకి ఆపరేషన్ ఒక రకం ఖర్చు. పక్షవాతం వచ్చాక, మతిమరుపు ముదిరాక ఒక మనిషి పక్కనే ఉండి స్నానం చేయించడం, బట్టలు మార్చడం, అన్నం తినిపించడం, రాత్రి బాత్రూమ్‌కి నడిపించడం ఇంకో రకం. కుటుంబాలని కుంగదీసేది రెండోదే. జెన్‌వర్త్ సంస్థ 2024 సర్వే ప్రకారం నర్సింగ్ హోమ్‌లో ఇద్దరుండే గదిలో ఒకరికి ఏడాది ఖర్చు దేశవ్యాప్తంగా చూస్తే 1,11,325 డాలర్లు. ఇంటికొచ్చే ఆయాకి గంటకి సుమారు 34 డాలర్లు. భార్యాభర్తలిద్దరూ సాఫ్ట్‌వేర్‌లో ఉన్న ఇంటికి కూడా ఇది మోయలేని బరువే.

మెడికేర్ ఇందుకు డబ్బివ్వదు. ముందు ఈ ఒక్క మాట మనసులో పెట్టుకోండి. మెడికేర్ అంటే 65 దాటినవాళ్ళకి ఆసుపత్రికీ డాక్టరుకీ గవర్నమెంటు ఇచ్చే ఇన్సూరెన్సు. అదికూడా మన తల్లిదండ్రులకి ఊరికే రాదు. ఇక్కడ 40 క్వార్టర్లు, అంటే దాదాపు పదేళ్ళు, తామో తమ భర్తో భార్యో పనిచేసి పన్ను కట్టినవాళ్ళకే పార్ట్ ఎ (ఆసుపత్రి ఖర్చుల భాగం) ప్రీమియం లేకుండా వస్తుంది. పిల్లలు ఎంత పన్ను కట్టినా అమ్మానాన్నల ఖాతాలో పడదు. గ్రీన్‌కార్డు మీద ఐదేళ్ళు ఆపకుండా ఇక్కడ నివసించాక డబ్బు కట్టి కొనుక్కోవచ్చు. 2025 రేట్ల ప్రకారం పార్ట్ ఎ నెలకి 518 డాలర్లు, పార్ట్ బి (డాక్టరు ఖర్చుల భాగం) 185 డాలర్లు. అది ఒక్కరికే, ఇద్దరికైతే రెండింతలు.

ఆసుపత్రి నుంచి రీహాబ్‌కి, అంటే కోలుకోవడానికి చేసే చికిత్సకి, పంపినప్పుడు మాత్రం మెడికేర్ కొన్నాళ్ళు నర్సింగ్ హోమ్ ఖర్చు భరిస్తుంది. మొదటి 20 రోజులు పూర్తిగా, 21 నుంచి 100వ రోజు దాకా మనం రోజుకి 209.50 డాలర్లు (2025 లెక్క) కడితే మిగతాది. ఆ తర్వాత ఏమీ లేదు. దీనికి ముందు ఆసుపత్రిలో వరసగా మూడు రోజులు ఇన్‌పేషెంట్‌గా ఉండి తీరాలన్న షరతుంది. ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. మంచం మీద పడుకోబెట్టి, సెలైన్ ఎక్కించి, నాలుగు రోజులు ఉంచుకుని కూడా కాగితం మీద "అబ్జర్వేషన్" (ఇంకా చేర్చుకోలేదు, గమనిస్తున్నాం) అని రాసి ఉండొచ్చు. అబ్జర్వేషన్ రోజులు ఆ మూడింటిలోకి రావు. అందుకని అమ్మని చేర్చిన రోజే కేస్ మేనేజర్‌ని మొహమాటం లేకుండా అడగండి: "ఇన్‌పేషెంటా, అబ్జర్వేషనా?" రెండోదని చెబితే ఎందుకో అడగండి, డాక్టరుతో మాట్లాడండి. డిశ్చార్జి అయ్యాక అడిగితే మార్పించడం చాలా కష్టం.

ఏళ్ళ తరబడి సాగే సంరక్షణకి గవర్నమెంటు నుంచి నిజంగా డబ్బు వచ్చేది మెడికెయిడ్ ద్వారా. ఇది పేదవాళ్ళకోసం కేంద్రం, రాష్ట్రం కలిసి నడిపే పథకం. 1996 చట్టం ప్రకారం గ్రీన్‌కార్డు వచ్చిన ఐదేళ్ళ దాకా మామూలుగా అర్హత ఉండదు. కార్డు మీద "రెసిడెంట్ సిన్స్" అని ఒక తేదీ ఉంటుంది, ఐదేళ్ళు లెక్కపెట్టేది అక్కడినుంచి. న్యూయార్క్ లాంటి కొన్ని రాష్ట్రాలు సొంత డబ్బుతో ముందే ఇస్తాయి కాబట్టి మీ రాష్ట్రం సంగతి విడిగా కనుక్కోవాలి. విజిటర్ వీసా మీద వచ్చిన పెద్దవాళ్ళకి ఇవేవీ వర్తించవు. వాళ్ళకి ట్రావెల్ ఇన్సూరెన్సు ఒక్కటే ఆధారం.

ఐదేళ్ళు నిండినా ఆదాయం, ఆస్తి చూస్తారు. చాలా రాష్ట్రాల్లో ఒంటరి మనిషి పేర 2,000 డాలర్లకి మించి ఉండకూడదు. కాలిఫోర్నియా 2024లో ఆస్తి పరిమితి ఎత్తేసి, 2026 జనవరి నుంచి 1,30,000 డాలర్లతో మళ్ళీ పెట్టింది. ఆస్తి అంటే ఇక్కడిదే అనుకోకండి. తెనాలిలో ఇల్లు, కరీంనగర్‌లో రెండెకరాలు, స్టేట్ బ్యాంకులో ఎఫ్‌డీలు, లాకర్‌లో బంగారం అన్నీ దరఖాస్తులో చెప్పాల్సినవే. వాళ్ళు ఉంటున్న ఇంటికి మినహాయింపు ఉంది కానీ, అమెరికాలో ఉంటూ తెనాలి ఇంటిని "మేం ఉంటున్న ఇల్లు" అని చూపించడం కుదరదు. గ్రీన్‌కార్డు వచ్చిన దగ్గర్నుంచి ఇక్కడి పన్ను లెక్కల్లోకి వచ్చేస్తారు కాబట్టి, అక్కడి ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఏ ఒక్కరోజైనా 10,000 డాలర్లు దాటితే ఏటా ఎఫ్‌బార్ (విదేశీ ఖాతాల వివరాలు చెప్పే ఫారం) దాఖలు చేయాలి. ఎఫ్‌బార్‌లో చూపించినవి మెడికెయిడ్ దరఖాస్తులో దాచిపెడితే అది మోసం కిందికొస్తుంది.

మనిళ్ళల్లో జరిగే పని ఒకటుంది. "ఇంక మాకెందుకురా" అని నాన్న పొలం తమ్ముడి పేర, ఇల్లు చెల్లి పేర గిఫ్ట్ డీడ్ రిజిస్ట్రేషన్ చేయించేస్తాడు. చాలా రాష్ట్రాల్లో మెడికెయిడ్ దరఖాస్తు పెట్టిన రోజు నుంచి వెనక్కి ఐదేళ్ళలో ఇలా ఊరికే ఇచ్చేసినవన్నీ లెక్కలోకి వస్తాయి. ఇచ్చిన ఆస్తి విలువని రాష్ట్రం పెట్టుకున్న నెలసరి నర్సింగ్ హోమ్ ఖర్చుతో భాగించి, అన్ని నెలలు సాయం ఆపేస్తారు. మాటవరసకి లక్ష డాలర్ల పొలం ఇచ్చేశారు, నెల ఖర్చు పదివేలు అనుకుంటే పది నెలలు డబ్బు రాదు. ఆ పది నెలలు మొదలయ్యేది పొలం రాసిచ్చిన రోజున కాదు. చేతిలో ఏమీ మిగలక, నర్సింగ్ హోమ్ స్థాయి సంరక్షణ అవసరమై, దరఖాస్తు పెట్టాక. అంటే ఎప్పుడు గవర్నమెంటు అండ కావాలో సరిగ్గా అప్పుడే ఉండదు.

అలాగని గ్రీన్‌కార్డుకి ముందే అన్నీ రాయించేసుకోమని నేను చెప్పను. ఐదేళ్ళ గడువు దాటిపోతుంది కదా అని లెక్క కుదిరినట్టే కనిపిస్తుంది. కానీ ఆ ఐదేళ్ళలోనే అమ్మకి స్ట్రోక్ వస్తే? ఇక్కడ గవర్నమెంటు సాయం లేదు, అక్కడ తలదాచుకోవడానికి సొంత ఇల్లు లేదు. సొంత ఊళ్ళో సొంత ఇంట్లో, తెలిసిన పనిమనిషితో, పక్కింటివాళ్ళ పలకరింపుతో గడిపే హక్కు వాళ్ళదగ్గరే ఉండనివ్వండి. తిరిగి వెళ్ళే దారి మూసేసి తీసుకురావద్దు.

మీ వైపునుంచి కూడా రెండు జాగ్రత్తలు. మీ బ్యాంకు ఖాతాలో జాయింట్‌గా నాన్న పేరు చేర్చకండి. అందులో డబ్బంతా ఆయనదేనని అనుకుని, కాదని మిమ్మల్ని రుజువు చేసుకోమంటారు. మీ ఇంటి దస్తావేజులో కూడా పెద్దవాళ్ళ పేరు వద్దు. మెడికెయిడ్ తీసుకున్న మనిషి పోయాక ఆయన పేర ఉన్న ఆస్తి నుంచి రాష్ట్రం ఖర్చు రాబట్టుకుంటుంది.

గ్రీన్‌కార్డుకోసం మీరు సంతకం చేసిన ఐ-864 (పోషణ హామీ పత్రం) కూడా గుర్తుండాలి. అది ఒక చట్టబద్ధమైన ఒప్పందం. మీరు పోషిస్తామని మాటిచ్చిన మనిషి మెడికెయిడ్‌కి వెళితే మీ ఆదాయం కూడా కలిపి చూడొచ్చు, ఇచ్చిన డబ్బు మీ దగ్గర వసూలు చేసుకునే హక్కూ ఉంది. పెద్దవాళ్ళు సిటిజన్లు అయితే ఆ బాధ్యత ముగుస్తుంది. అందుకే ఐదేళ్ళు నిండాక సిటిజన్‌షిప్‌కి వెళ్ళాలా వద్దా అన్నది ఇంటిల్లిపాదీ కూర్చుని మాట్లాడుకోవాలి. సంక్రాంతికని ఇండియా వెళ్ళి ఎనిమిది నెలలు ఉండిపోతే ఆ ఐదేళ్ళ లెక్క తెగిపోయే ప్రమాదం ఉంది. ఆరు నెలల లోపు తిరిగొచ్చేట్టు చూసుకోండి. డిమెన్షియా లాంటి జబ్బువల్ల ఇంగ్లీషు, సివిక్స్ పరీక్ష రాయలేనివాళ్ళకి డాక్టరు నింపే ఎన్-648 ఫారం ఉంది.

మెడికెయిడ్ అర్హత వచ్చాక నర్సింగ్ హోమ్ ఒక్కటే దారి కాదు. ఇంట్లోనే ఉంచి ఆయాని పంపే వేవర్ పథకాలు చాలా రాష్ట్రాల్లో ఉన్నాయి, కొన్నిచోట్ల వెయిటింగ్ లిస్టు పొడుగ్గా ఉంటుంది. కాలిఫోర్నియాలో ఐహెచ్ఎస్ఎస్ (ఇంట్లోనే సంరక్షణ ఇచ్చే పథకం) కింద కన్నకూతురే సంరక్షకురాలిగా జీతం తీసుకోవచ్చు. న్యూజెర్సీలో ఎడిసన్ చుట్టుపక్కల పప్పన్నం, పెరుగు పెట్టే ఇండియన్ అడల్ట్ డే కేర్‌లున్నాయి. పొద్దున వ్యాన్ వచ్చి తీసుకెళుతుంది, నర్సు బీపీ చూస్తుంది, మాట్లాడుకోవడానికి మనుషులుంటారు. ఇంట్లో గోడలు చూస్తూ కూర్చునే పెద్దవాళ్ళకి మందులకన్నా ఇది ఎక్కువ మేలుచేస్తుందని నా నమ్మకం.

సియాటిల్‌వాళ్ళు డబ్ల్యూఏ కేర్స్ గురించి, అంటే జీతంలోంచి 0.58 శాతం కోసి వాషింగ్టన్ రాష్ట్రం నడిపే సంరక్షణ ఇన్సూరెన్సు గురించి, అడుగుతుంటారు. అది పనిచేసే మీకోసం, మీ తల్లిదండ్రులకి కాదు. అందులోంచి వచ్చేది జీవితకాలానికి మొత్తం 36,500 డాలర్లు. హెచ్-1బీ మీద ఉన్నవాళ్ళకి మినహాయింపు ఉంది.

వివరాలకి మొదట ఎల్డర్‌కేర్ లొకేటర్‌కి ఫోన్ చేయండి: 1-800-677-1116. మీ కౌంటీలో పెద్దవాళ్ళకోసం పనిచేసే ఆఫీసు ఏదో చెబుతారు. ఆస్తులు ఇండియాలో ఉంటే మాత్రం ఎల్డర్ లా అటార్నీకి (పెద్దవాళ్ళ వ్యవహారాలు చూసే లాయరుకి) ఫీజు కట్టి అడగడమే మంచిది. మెడికెయిడ్ ఇంటర్వ్యూకి తెలుగు ఇంటర్‌ప్రెటర్‌ని ముందే అడగండి, ఉచితంగా ఏర్పాటు చేయడం వాళ్ళ బాధ్యత. మనవడిచేత తర్జుమా చేయించకండి. తాతగారు ఎవరి సాయం లేకుండా స్నానం చేయలేకపోతున్న సంగతి మనవడి ముందు చెప్పరు, "నాకేం, బాగానే ఉన్నాను" అంటారు. ఆ మాటే ఫైల్లోకి ఎక్కితే రావాల్సిన ఆయా గంటలు తగ్గిపోతాయి.