వేడెక్కాక బండి లాగట్లేదా? ఈసీయూ మార్చే ముందు ఫోన్‌లో ఇవి చూడండి

ప్రశ్న: మాది 2013 చివర్లో కొన్న పెట్రోల్ కారు. పొద్దున స్టార్ట్ చేస్తే బాగానే ఉంటుంది. ఇరవై నిమిషాలు నడిచాక పికప్ పడిపోతుంది. ఫ్లైఓవర్ ఎక్కాలంటే సెకండ్ గేర్‌కి రావాల్సిందే. చెక్ ఇంజిన్ లైటు వెలగట్లేదు. ప్లగ్గులు, ఎయిర్ ఫిల్టర్ మార్పించాను. ఇప్పుడు మెకానిక్ ఈసీయూ (ఇంజిన్‌ని నడిపించే కంప్యూటర్) పోయిందంటున్నాడు. ఏదైనా గ్యాడ్జెట్‌తో నేనే తెలుసుకోవచ్చా?
– ఒక పాఠకుడు, సూర్యాపేట

జవాబు: ఈసీయూ మార్చడానికి అప్పుడే ఒప్పుకోకండి. ఇలాంటి ఫిర్యాదుల్లో అసలు దోషి అది కావడం చాలా అరుదు.

ముందు వేడికీ ఈ జబ్బుకీ సంబంధం ఏమిటో చూద్దాం. ఇంజిన్ చల్లగా ఉన్నంతసేపు ఈసీయూ తన దగ్గరున్న లెక్క ప్రకారం పెట్రోలు కాస్త ఎక్కువే ఇస్తుంది. ఆ ఎక్కువ పెట్రోలు చిన్న లోపాల్ని కప్పేస్తుంది. వేడెక్కాక, పొగ గొట్టంలో ఉండే ఆక్సిజన్ సెన్సర్ చెప్పినదాన్ని బట్టి కొలిచి ఇస్తుంది. లోపాలు అప్పుడు బయటపడతాయి. పైగా ప్లగ్గులకు కరెంటు ఇచ్చే ఇగ్నిషన్ కాయిల్, ఇంజిన్ తిరగడాన్ని కనిపెట్టే క్రాంక్ సెన్సర్, పెట్రోల్ పంపు మోటారు... వీటిలో చాలావాటి లోపల ఉండేది తీగ చుట్టలే. పాతబడితే వేడికి మొరాయిస్తాయి, చల్లారితే మళ్లీ పనిచేస్తాయి. అందుకే షెడ్డుకి తీసుకెళ్లేసరికి బండి బుద్ధిగా నడుస్తుంది, మెకానిక్ ఊహ మీద పార్టులు మారుస్తాడు.

మన దేశంలో 2013 ఏప్రిల్ నుంచి బీఎస్-4 (కాలుష్య ప్రమాణం) కార్లకు ఓబీడీ-2, అంటే బండి తన లోపాల్ని తానే కోడ్‌లుగా చెప్పే ఏర్పాటు, తప్పనిసరి చేశారు కాబట్టి మీది కూడా బీఎస్-4 అయితే స్టీరింగ్ కింద 16 పిన్నుల సాకెట్ ఉండాలి. ఈసీయూ చెప్పేది ఫోన్‌కి పంపే ఈఎల్ఎం327 బ్లూటూత్ అడాప్టర్ కొని అందులో పెట్టి, ఫోన్‌లో ‘కార్ స్కానర్’ లేదా ‘టార్క్’ యాప్ వేసుకోండి. లైటు వెలగకపోయినా పెండింగ్ కోడ్‌లు (ఈసీయూ గుర్తించినా ఇంకా లైటు వెలిగించని లోపాల నంబర్లు) ఉండొచ్చు. కనిపించిన కోడ్‌ని ఫొటో తీసుకోకుండా చెరిపేయకండి. పీ0300 నుంచి పీ0304 వరకు ఏది వచ్చినా మిస్సింగ్ ఉందని, అంటే ఏదో సిలిండర్‌లో పెట్రోలు సరిగా మండట్లేదని అర్థం. ముందు కాయిల్‌ని అనుమానించాలి.

కోడ్ లేకపోతే అసలు పని మొదలవుతుంది. బండి బాగా నడిచేటప్పుడు ఒకసారి, పికప్ పోయాక ఒకసారి రీడింగులు రికార్డు చేయండి. పక్క సీట్లో ఎవరినైనా కూర్చోబెట్టి వాళ్లకే ఫోన్ ఇవ్వండి, మీరు రోడ్డు చూడండి.

కూలెంట్ టెంపరేచర్ 85 నుంచి 100 డిగ్రీల మధ్య ఉంటే సాధారణం. అంతకన్నా బాగా పైకి పోతోందంటే బండి పక్కకి ఆపేయాలి. రేడియేటర్ మూత మాత్రం వేడి మీద తీయొద్దు. తర్వాత ఫ్యూయల్ ట్రిమ్ చూడండి. ఈసీయూ పెట్రోలుని మామూలు లెక్క కన్నా ఎంత శాతం పెంచిందో, తగ్గించిందో అది చెబుతుంది. సున్నాకి అటూఇటూ 10 శాతం లోపు ఉంటే పర్వాలేదు. ఐడిల్‌లో ప్లస్ 20 దాకా ఉండి, రేస్ ఇస్తే తగ్గిపోతే ఎక్కడో గాలి లీకవుతోంది. అదే ఎత్తు ఎక్కుతున్నప్పుడు పెరుగుతూ పోతే పెట్రోలు చాలట్లేదు. అప్పుడు వేడి మీదే ఫ్యూయల్ ప్రెషర్ గేజ్ పెట్టించండి; చాలా పెట్రోల్ కార్లలో 3 బార్ దరిదాపుల్లో ఉండాలి.

జర్కులు లేకుండా, వెనక నుంచి ఎవరో పట్టి లాగుతున్నట్టు ఉంటే ఇంకొకటి చూడాలి. మా పాత కారుకి వచ్చింది ఆ జబ్బే. యాప్‌లో మ్యాప్ (MAP) ప్రెషర్ అనే రీడింగ్ ఉంటుంది, ఇంజిన్ గాలి పీల్చే గొట్టంలోని పీడనం అది. ఇంజిన్ ఆపి తాళం మాత్రం తిప్పితే హైదరాబాద్‌లో 95, విజయవాడలో 100 కిలోపాస్కల్స్ దగ్గర చూపిస్తుంది, అది బయటి గాలి పీడనం. వేడెక్కిన ఇంజిన్ ఐడిల్‌లో ఉంటే 30–40కి దిగుతుంది. మా బండిని న్యూట్రల్‌లో 2,500 ఆర్‌పీఎం దగ్గర కదలకుండా పట్టుకుంటే ఆ అంకె నిలవలేదు. 32, 36, 41... అలా ఎక్కుతూనే పోయింది. పొగ బయటికి పోయే దారి మూసుకుపోయిందన్నమాట. ఇంజిన్ చల్లారాక మెకానిక్ ముందువైపు ఆక్సిజన్ సెన్సర్ విప్పి, ఆ రంధ్రం తెరిచే ఉంచి మళ్లీ స్టార్ట్ చేశాడు. చెవులు చిల్లులు పడే చప్పుడు, కానీ వేడెక్కాక కూడా బండికి ఊపిరి వచ్చింది! పొగలోని విషవాయువుల్ని తగ్గించే కెటలిటిక్ కన్వర్టర్ విప్పి చూస్తే లోపలి తేనెపట్టు లాంటి జాలీ సగం కరిగి ముద్దయిపోయి ఉంది. నెలల తరబడి ఒక సిలిండర్ మిస్సవుతున్నా నేను పట్టించుకోలేదు. కాలని పెట్రోలు అక్కడికి వెళ్లి మండి, దాన్ని కరిగించేసింది. మీకూ అదే తేలితే, జాలీ తీసేసి ఖాళీ గొట్టం బిగిస్తామంటే ఒప్పుకోవద్దు. ఆ విషం మన పిల్లలే పీలుస్తారు. కొత్తది వేయించే ముందు మిస్సింగ్ కూడా సరిచేయించండి, లేదంటే అదీ పాడవుతుంది.

బండి దానంతటదే ఆగిపోయి, చల్లారాకే స్టార్టవుతుంటే మాత్రం నేరుగా క్రాంక్ సెన్సర్, కాయిల్ చూపించండి. ఈ రికార్డులన్నీ మెకానిక్‌కి చూపించాకే ఈసీయూ మాట ఎత్తమనండి.

ప్రశ్న: ఓబీడీ అడాప్టర్ కొన్నాను, ఐఫోన్‌కి కనెక్ట్ అవ్వట్లేదు. పాడైందా?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: పాడవ్వకపోవచ్చు. పాత రకం బ్లూటూత్ అడాప్టర్లు ఆండ్రాయిడ్‌తోనే పనిచేస్తాయి. ఐఫోన్‌కి వైఫై ఉన్నది గానీ, బ్లూటూత్ 4.0 ఎల్ఈ అని రాసి ఉన్నది గానీ కావాలి. ముందు ఇంట్లో ఎవరిదైనా ఆండ్రాయిడ్ ఫోన్‌తో ప్రయత్నించండి, అందులో కనెక్ట్ అయితే దాంతోనే వాడుకోవచ్చు. పని అయ్యాక అడాప్టర్ తీసేయండి, రోజుల తరబడి ఉంచితే బ్యాటరీ దిగిపోతుంది.