సిద్ శ్రీరామ్ పాట ఎలా వినాలంటే

చిరంజీవి తమ్ముడికి అక్క ఆశీస్సులు.

మొన్న ఫోన్లో చెప్పావు కదా, మనవరాలిని కాలేజీలో దింపడానికి కారు తీస్తే చాలు, అది సిద్ శ్రీరామ్ పాటలే పెడుతోందని, ఆపెయ్యమంటే మూతి ముడుచుకుని కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంటోందని. "ఘంటసాల పాట విన్న చెవులక్కా ఇవి, ఈ గొణుగుడు ఎక్కదు" అన్నావు. ఫోన్లో మొదలుపెడితే వాదించుకోవడమే తప్ప ఏదీ తేలదు. అందుకని రాస్తున్నాను. ముందే చెప్తున్నా, ఆ అబ్బాయి గొంతంటే నాకు చాలా ఇష్టం. డెబ్బై దాటాక ఒక కొత్త గాయకుడి మీద ఇంత ఇష్టం పుడుతుందని నేనూ అనుకోలేదు. నీకూ పుట్టాలని నా కోరిక.

మొట్టమొదట, అతన్ని కారులో వినడం మానెయ్. ఏసీ హోరు, బయట హారన్లు, ట్రాఫిక్ టెన్షన్. అలాంటి చోట ఆ గొంతు నిజంగానే గొణుగుడులా ఉంటుంది. ఎందుకో చెప్తాను విను.

తాతగారి రోజుల్లో నాటకాల్లో పద్యం పాడేవాళ్లకి మైకు లేదు. నేల మీద చివర కూర్చున్నవాడి దాకా గొంతు వెళ్లాలి. అందుకే పద్యం చివర ఇంతేసి రాగం తీసేవాళ్లు, జనం వన్స్‌మోర్ కొట్టేవాళ్లు. ఘంటసాల మాస్టారు మైకు ముందు పాడారు. ఆ దీర్ఘమైన రాగాలు తగ్గించి, మాటకీ, మాట వెనకున్న భావానికీ చోటిచ్చారు. 'పుష్పవిలాపం'లో ఆయన ఎక్కడా గొంతు చించుకోరు. పూలు తమ గోడు మనతో చెప్పుకుంటున్నట్టే ఉంటుంది. స్టేజీ మీద పాడినట్టు పాడి ఉంటే, నువ్వు ఆ రికార్డు వింటూ కళ్లు తుడుచుకునేవాడివా?

ఇప్పటి గాయకుడు ఇంకా దగ్గరికి వచ్చాడు. వినేవాళ్ల చెవిలో ఇయర్‌ఫోన్ ఉంటుంది, ఆ చెవి కోసమే పాడుతున్నాడు. మైకు పెదవుల దగ్గర ఉంటుంది. ఊపిరి తీసుకున్న చప్పుడు, మాట మొదలవడానికి ముందు వచ్చే గాలి, అన్నీ పాటలో భాగమే. పూర్వం వాద్యబృందమూ గాయకుడూ కలిసి రికార్డు చేసేవాళ్లు, ఒకళ్లు తప్పితే అందరూ మళ్లీ మొదలుపెట్టాల్సిందే. ఇప్పుడు ఎవరి ట్రాక్ వాళ్లది. ఎంత మెల్లగా పాడినా తర్వాత గొంతుని పైకి తెచ్చుకోవచ్చు. కాబట్టి అతను గొంతు తగ్గించి పాడుతున్నాడంటే పాడలేక కాదు, అలా పాడాలనుకుని పాడుతున్నాడు.

అందుకని మంచి ఇయర్‌ఫోన్లు కొనుక్కో. వైరుతో ఉన్నవైనా చాలు. రాత్రి భోజనాలయ్యాక, టీవీ కట్టేసి, ఒక్కడివే కూర్చుని విను. రోజుకి ఒక్క పాట చాలు.

సినిమా పాటతో మొదలుపెట్టొద్దు. ముందు అతని కర్ణాటక సంగీత కచేరీ ఒకటి విను. నాకు అలాగే పరిచయం. కచేరీల రికార్డింగులు వరసగా పెట్టుకుని వింటుంటే ఒక గొంతు దగ్గర చేతిలో పని ఆగిపోయింది. ఆలాపన తొందరపడకుండా, కింది స్థాయిలో నెమ్మదిగా, ఒక్కో స్వరం దగ్గరా నిలబడుతూ సాగింది. ఎవరో చెన్నై విద్వాంసుడనుకున్నాను. మా మనవడు తొంగిచూసి "సిద్ శ్రీరామ్, అమ్మమ్మా" అన్నాడు. పుట్టింది చెన్నైలో, 1990లో. పెరిగింది కాలిఫోర్నియాలో. తల్లి లతా శ్రీరామ్ గారు సంగీతం టీచరు, మొదటి గురువు ఆవిడే. కర్ణాటక సంగీతంలో పెద్ద విద్వాంసులు సెమ్మంగుడి వారి శిష్యులు పి.ఎస్.నారాయణస్వామి గారి దగ్గర కూడా నేర్చుకున్నాడు. బోస్టన్‌లోని బర్క్‌లీ సంగీత కళాశాలలో చదివాడు. రెహమాన్ గారు తమిళంలో 'కడల్' సినిమాకి పాడించారు, అది 2013.

ఇంత వివరంగా ఎందుకు రాస్తున్నానంటే, అతని సినిమా పాటలో ఏం వినాలో తెలియాలంటే ఇది కావాలి. అతని గొంతులో రెండు అలవాట్లు కలిసి ఉంటాయి. ఒకటి మన గమకం. స్వరం పక్క స్వరాన్ని తాకుతూ, తన చోటు వదలకుండా ఊగుతుంది. రెండోది అమెరికాలోని ఆర్ అండ్ బీ (రిథమ్ అండ్ బ్లూస్) అనే పాట తీరు, ఆఫ్రికన్ అమెరికన్ల చర్చి పాటల్లోంచి ఎదిగిన పద్ధతి. అందులో ఒకే అక్షరం మీద నాలుగైదు స్వరాలు గబగబా మెట్లు దిగినట్టు దిగుతాయి. మనకి మొదటిది తెలుసు, రెండోది తెలియదు. అందుకే అది వచ్చినచోటల్లా "ఈ వంకర్లేమిటి" అనిపిస్తుంది. అది కూడా సాధన చేస్తేనే వచ్చే విద్య అని ఒకసారి తెలిస్తే, గమకం ఎక్కడ, జారుడు ఎక్కడ అని చెవి తనే వెతుక్కుంటుంది. నాకు అన్నిటికంటే ఆనందం అక్కడే.

'గీత గోవిందం'లో 'ఇంకేం ఇంకేం' పాట తీసుకో. ముందు జతులు, అంటే నాట్యానికి తాళం పలికే అక్షరాలు, వస్తాయి, తర్వాత అతను అందుకుంటాడు. పల్లవిలో ఒకే మాట మూడుసార్లు. మూడింటి బరువూ ఒకటేనా, ఎక్కడ నొక్కాడు, ఎక్కడ వదిలాడు, నువ్వే చూసుకో. పల్లవి మళ్లీ వచ్చినప్పుడు ఇంకోసారి చూసుకో. ఆ తర్వాత 'సామజవరగమన'. ఆ మొదటి మాట త్యాగయ్య గారి హిందోళ రాగ కీర్తనది. మిగతా పాట సిరివెన్నెల గారిది. దీనికి మాత్రం ముందు సాహిత్యం కాగితం మీద చదువుకో. మాటలు తెలిసి వింటే సగం విసుగు పోతుంది.

ఉచ్చారణ సంగతికొస్తే, నీ మాటలో న్యాయం ఉంది. కొన్ని పాటల్లో మాట చివర మింగేస్తాడు, దీర్ఘం ఉన్నచోట పొట్టిగా, పొట్టిగా ఉండాల్సినచోట సాగదీసి వినిపిస్తుంది. సుశీలమ్మ పాట విన్నవాళ్లకి అది ముల్లులా గుచ్చుకుంటుంది. దగ్గర కూర్చుని సరిచేయించాల్సిన బాధ్యత పాడించేవాళ్లకి ఉందని నేను గట్టిగా నమ్ముతాను. కవి ఏరికోరి పెట్టిన మాట వినేవాడికి చేరాలి. కానీ ఒక్కమాట. 1976లో 'ఆరాధన' వచ్చినప్పుడు 'నా మది నిన్ను పిలిచింది గానమై' అని నువ్వు మేడ మీద ఎన్ని రాత్రులు పాడావు? అది పాడిన హిందీ గాయకుడు రఫీ గారిది తెలుగు నోరు కాదు. ఆ పలుకులో హిందీ వాసన మనకి తెలుస్తూనే ఉండేది. అయినా ఆ గొంతులోని తీపి కోసం మనసారా విన్నాం. ఆ పాటి చనువు ఈ అబ్బాయికీ ఇయ్యి.

అన్ని పాటలూ బాగుంటాయని అనను. ఒకే తరహా ప్రేమ పాట పదేపదే అతనికే ఇస్తున్నారు, వరసగా వింటే ఒకటే పాటలా ఉంటుంది. అందుకే రోజుకొకటి అన్నాను. టీవీలో వచ్చే ఫంక్షన్ల క్లిప్పులు చూసి మాత్రం తీర్పు చెప్పకు. ఆ గోలలో ఎవరి గొంతైనా నలిగిపోతుంది.

ఇక మనవరాలి విషయం. కారులో రెండు పాటల ఒప్పందం పెట్టుకో. ఒకటి దానిది, ఒకటి నీది. దాని పాట నడుస్తున్నంతసేపూ "మా రోజుల్లో" అనే మాట నీ నోట రాకూడదు. పాట అయ్యాక "ఇందులో నీకు ఏ చోటు ఇష్టమే?" అని అడుగు. పాట ఎవరు రాశారు, రాగం ఏమిటి అని పరీక్ష పెట్టకు. పిల్లలు ఆ చోటుని ఎంత కచ్చితంగా చూపిస్తారో! మా వాడు 'శ్రీవల్లి' పాటలో ఒక్క విరుపు కోసం నాలుగుసార్లు వెనక్కి తిప్పి వినిపించాడు. నాలుగోసారికి నాకూ అందింది. నీ వంతు వచ్చినప్పుడు ఘంటసాల గారి పాట పెట్టు, కానీ పొగుడుతూ కూర్చోకు. ఇంటికొచ్చాక అదే పాట ఇయర్‌ఫోన్లో ఇంకోసారి వినమను.

సంక్రాంతికి నేను వస్తున్నాను. ఈలోగా విన్నవాటిలో ఏది నచ్చలేదో, ఏ చోట నచ్చలేదో కాగితం మీద రాసిపెట్టు, ఇద్దరం కూర్చుని మళ్లీ విందాం. నచ్చినవి నాకు చెప్పకపోయినా ఫర్వాలేదు, వాటి గురించి మనవరాలికి చెప్పు. మరదల్ని అడిగానని చెప్పు. బీపీ మాత్రలు మానొద్దు.

ప్రేమతో,
అక్క