పుట్టిన పని ఏంటో తెలియట్లేదు!

ప్రశ్న: నాకు 29 ఏళ్లు, అకౌంట్స్ ఉద్యోగం. ఫ్రెండ్స్ పదేళ్ల ప్లాన్లు చెబుతుంటే టెన్షన్. సాయంత్రాలు వీధి పిల్లలకు లెక్కలు చెబుతుంటాను, బాగుంటుంది, అర్థం కానివాడికి అర్థమైతే భలే సంతోషం. కానీ నాకంటూ పెద్ద లక్ష్యం లేదు. ఎలా వెతుక్కోవాలి?
- ఓ పాఠకుడు, కరీంనగర్

జవాబు: పుట్టిన పని ముందు తేల్చుకుని, ఆ తర్వాతే కదులుదామనుకుంటే అరవై వచ్చేస్తాయండీ. నిజామాబాద్ జిల్లా పాకాల అమ్మాయి మాలావత్ పూర్ణ 2014 మే 25న, పదమూడేళ్లకే ఎవరెస్ట్ ఎక్కింది. కానీ గురుకులంలో చదువుతూ ఆమె ముందు ఎక్కడం నేర్చుకున్నది మన భువనగిరి గుట్ట మీద. ఏడు ఖండాల శిఖరాలూ పూర్తయ్యేసరికి 2022, అంటే ఇంకో ఎనిమిదేళ్లు!

మీ ఉత్తరం మీరే మళ్లీ చదవండి. ఉద్యోగం గురించి రెండు మాటలు, లెక్కల గురించి (నేను కుదించాను గానీ) పేజీ నిండా. ఉద్యోగం మానకండి, జీతం కావాలి. ఈ ఏడాది పదో తరగతిలో లెక్కలంటే భయపడే ఐదుగురిని పట్టుకుని పరీక్షల దాకా వదలకండి. పదేళ్ల ప్లాన్ సంగతి ఫలితాలొచ్చాక రాయండి, మాట్లాడుకుందాం.