ఫార్మాట్ వద్దు మాస్టారూ

ప్రశ్న: మాది గజపతి జిల్లా పర్లాకిమిడి. రిటైరైన తెలుగు మాస్టారిని. సవర పల్లెలు తిరిగి నాలుగేళ్లుగా రికార్డు చేసిన పాటలన్నీ ఉబుంటు అనే లినక్స్ సిస్టమ్ ఉన్న కంప్యూటర్లో ఉన్నాయి. బయటి డిస్కులోకి ఎక్కిస్తుంటే ‘పర్మిషన్ లేదు’ అంది. ఎవరో చెబితే, పూర్తి అధికారంతో కమాండ్ నడిపే సుడో పెట్టి, ఓనర్‌ని మార్చే సీహెచ్‌ఓన్ కమాండ్ కొట్టాను. పొరపాటున డిస్కు బదులు నా హోమ్ ఫోల్డర్ మొత్తం రూట్ (సిస్టమ్ సర్వాధికారి అకౌంట్) పేరు మీదికి మారిపోయింది. ఇప్పుడు పాస్‌వర్డ్ కొడితే తెర నల్లబడి, మళ్లీ పాస్‌వర్డే అడుగుతోంది. రిపేరు కుర్రాడు ఫార్మాట్ తప్పదంటున్నాడు. చాలా టెన్షన్‌గా ఉంది మేడమ్.

జవాబు: ఫార్మాట్ చెయ్యనివ్వకండి మాస్టారూ. పాటలు ఎక్కడికీ పోలేదు. గిడుగు రామమూర్తి గారు సవర భాష నేర్చుకున్నది మీ ఊళ్లోనే. అక్కడ పోగైన పాటలు ఒక్క కమాండ్ వల్ల పోవడం నాకు ఇష్టం లేదు.

మీ పాస్‌వర్డ్ కూడా సరైనదే. తప్పయితే తప్పని చెబుతుంది. లోపలికి రానిచ్చాక డెస్క్‌టాప్ మీ ఫోల్డర్‌లో కొన్ని చిన్న ఫైళ్లు రాసుకోవాలి. ఇప్పుడు దానికి ఓనర్ మీరు కాదు కాబట్టి రాయలేక, మిమ్మల్ని వెనక్కి పంపేస్తోంది.

లాగిన్ తెర మీద కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కలిపి నొక్కండి. నల్ల తెర వస్తుంది. అక్కడ యూజర్ పేరు, పాస్‌వర్డ్ ఇవ్వండి. పాస్‌వర్డ్ కొడుతుంటే అక్షరాలు కనబడవు, కంగారు పడకండి. ఫోల్డర్ తెరవలేమని ఏదైనా మెసేజ్ వచ్చినా ఫర్వాలేదు.

తర్వాత ఇంగ్లిష్ అక్షరాల్లో ఇలా కొట్టండి: సుడో (sudo), ఖాళీ, సీహెచ్‌ఓన్ (chown), ఖాళీ, హైఫన్ పెద్ద ఆర్, ఖాళీ, మీ యూజర్ పేరు, కోలన్, మళ్లీ అదే పేరు, ఖాళీ, స్లాష్ హోమ్ స్లాష్ మీ యూజర్ పేరు. ఎంటర్ నొక్కే ముందు చివరి ముక్క రెండుసార్లు చదవండి. మొదటి స్లాష్ తర్వాత ఖాళీ పడిందంటే మీ ఫోల్డర్ బదులు సిస్టమ్ అంతా మీ పేరు మీదికి మారుతుంది. అప్పుడు సుడో కూడా పనిచెయ్యదు. లైవ్ పెన్‌డ్రైవ్‌తో (ఉబుంటు నేరుగా నడిచే పెన్‌డ్రైవ్) బూట్ చేసి పాటలు బయటికి తీసుకుని, ఉబుంటు మళ్లీ వేసుకోవాలి. అందుకే ఇంతగా చెబుతున్నాను. పనయ్యాక రీబూట్ చేస్తే మామూలుగా లాగిన్ అవుతారు.

ఈ తిప్పలెందుకు, ఫోల్డర్‌కి 777 పర్మిషన్ (అందరికీ అన్ని అనుమతులూ) ఇచ్చెయ్యమని ఎవరైనా అంటే వినకండి. అందులో ఎవరైనా రాయొచ్చు, చెరపొచ్చు.

డిస్కు సంగతి చిన్నదే. లినక్స్ ఫార్మాట్ డిస్కయితే ఇదే కమాండ్‌లో చివర డిస్కు మౌంటైన (అంటే సిస్టమ్‌లో తెరుచుకున్న) ఫోల్డర్ దారి ఇవ్వండి, అంతే. పాటలు అందులోకి ఎక్కాక నాకో కార్డు ముక్క రాయండి.